ఖాలీన్ మీద కిట్టు

ఫజర్‌కి అమ్మీ నన్ను లేపే పద్ధతి ఒకటుంది. పేరు పెట్టి పిలవదు. తలుపు మీద రెండు వేళ్ళతో తట్టి వెళ్ళిపోతుంది. ఆ రోజు తట్టలేదు. నాకే మెలకువ వచ్చి హాల్లోకి వెళ్తే, లైటు వేసుకుని, మడతపెట్టిన జానిమాజ్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. హాలు మధ్యలో మా నానా నేసిన ఖాలీన్ పరిచి ఉంటుంది. దాని మీద ఒక మూల పళ్ళెమంత మేర తడి. గదంతా ఒకటే వాసన.

"ఎక్కడ పరవనే బేటీ?" అంది.

కోపంగా అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. నిజంగానే అడిగింది. వరండాలోంచి కిట్టు మా ఇద్దరినీ చూస్తూ తోక ఊపుతున్నాడు.

ఏలూరు తివాచీల గురించి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. నూలు పడుగు మీద ఉన్ని దారాన్ని ఒక్కొక్క ముడిగా వేసి, బిగించి, పైన కత్తెరతో సమంగా కత్తిరిస్తారు. పర్షియా నుంచి వచ్చినవాళ్ళు నేర్పిన హునర్ అని ఏలూరులో మనవాళ్ళు చెప్పుకుంటారు. మా నానా బతికినంతకాలం ఆ పనే చేశారు. ఈ ఖాలీన్ అమ్మీ నిఖా కోసం నేసింది. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎర్రటి నేల, అంచుకి నీలం తీగ. కూలికి నేసినవి ఎన్నో ఇళ్ళకి పోయాయి. ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

ఇక కిట్టు సంగతి. వాడు మా మామూ కుక్క. అమ్మీకి ఒక్కడే తమ్ముడు. మగ్గం పని తగ్గిపోయాక ఆయన కొల్లేరు చేపల చెరువుల మీదకి కాపలాకి వెళ్ళాడు. 2006లో ఐదో కాంటూరు లోపల చెరువు గట్లు కొట్టేసినప్పుడు ఆయన కాసే చెరువు కూడా పోయింది. తర్వాత బయట పట్టా భూమిలో తవ్విన చెరువుకి మారాడు. గట్టు మీద గుడిసె, టార్చిలైటు, రేడియో, కుక్క. నీటికాకులు గుంపుగా దిగితే గట్టు పొడవునా పరిగెత్తి మొరగడం, రాత్రిళ్ళు కొత్త మనిషి అడుగు పడితే మామూని లేపడం కిట్టు డ్యూటీ. మామూ పెట్టిన పేరు ఖిత్మీర్. అస్‌హాబె కహఫ్ వెంట గుహలోకి వెళ్ళిన కుక్క పేరు అదేనని పెద్దలు చెబుతారు కదా, అందుకని. చెరువుల మీద పనిచేసేవాళ్ళకి ఆ పేరు నోరు తిరగక కిట్టు చేసేశారు. మామూ కూడా చివరికి కిట్టూ అనే పిలిచేవాడు.

2024 డిసెంబరులో ఒక తెల్లవారుజామున కిట్టు మొరుగుడు ఎంతకీ ఆగకపోతే పక్క చెరువువాళ్ళు వచ్చి చూశారట. అప్పటికే మామూ లేడు. గుండెపోటు. చాలీస్వా అయ్యాక సామాను తెచ్చుకుందామని మేము వెళ్తే, ఆ గుడిసె ముందు కిట్టు అట్లాగే కూర్చుని ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లీజు అయిపోయింది, ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తాం అన్నారు చెరువువాళ్ళు. కుక్క సంగతి వాళ్ళూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ట్రక్కు ఆటోలో మంచం, రేకుపెట్టె ఎక్కించాక అమ్మీ అంది: "దాన్నీ ఎక్కించండి. తమ్ముడి అమానత్."

ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. కుక్కని తెచ్చింది నేననే మొహల్లా అంతా అనుకుంటుంది. ఐదు పూటలా నమాజ్ తప్పని మనిషి, కుక్క కొంగుకి తగిలితే చీర మార్చుకునే మనిషి అట్లా ఎందుకంటుంది అని. కానీ అంది. "దొడ్లోనే ఉండాలి, గడప దాటకూడదు" అని షరతు కూడా పెట్టింది.

ఆ షరతు ఒక్క పూట నిలిచింది. మా దొడ్డి గోడ ఒకవైపు వానలకి కూలిపోయి ఉంది. మొదటి సాయంత్రమే వాడు దూకి వెళ్ళిపోయాడు. దెందులూరులో ఉండేవాళ్ళకి హైవే ఎంత దగ్గరో తెలుసు. పదహారో నంబరు జాతీయ రహదారి, లారీ మీద లారీ. మా బాబూ నేనూ టార్చి పట్టుకుని వెతికితే డివైడర్ మీద గన్నేరు మొక్కల మధ్య వణుకుతూ దొరికాడు. ఆ రాత్రి నుంచి ముందు వరండాలో గ్రిల్ వేసి ఉంచాం. వరండాకీ హాలుకీ మధ్య తలుపుకి బోల్టు విరిగి ఉంది. కొంచెం తోస్తే చాలు.

నాలుగేళ్ళ వయసున్న కుక్క. కప్పు కింద ఒక్కరోజు ఉండలేదు. నేను ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎనిమిదిన్నరకి బస్సెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. మా ఆయన కువైట్‌లో. బాబు ఆరో తరగతి, నాలుగున్నరకి వస్తాడు. అంటే పగలంతా ఇంట్లో అమ్మీ, కిట్టు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి ఏమీ తెలియదు.

మొదటి రెండు వారాలు నేను చేసినవన్నీ తప్పులే. అవే ముందు చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తాయి. సాయంత్రం వచ్చేసరికి ఎక్కడో ఒకచోట మడుగు ఉండేది. చెప్పుల స్టాండు, నీళ్ళ డ్రమ్ము, రెండుసార్లు ఖాలీన్. మెడపట్టీ పట్టుకుని లాక్కొచ్చి, ముక్కు దగ్గర పెట్టి చూపించి, గట్టిగా అరిచేదాన్ని. మా చిన్నప్పటి నుంచి చూసింది అదే. ఫినాయిల్ నీళ్ళు కలపకుండా పోసి రుద్దేదాన్ని. వారం తిరిగేసరికి వాడు కొత్త విద్య నేర్చాడు. నేను గొలుసు వేసి వీధిలో అరగంట తిప్పినా ఒక్క చుక్క వదలడు. ఇంట్లోకి రాగానే మాయమై బీరువా వెనకో, గ్యాస్ సిలిండర్ పక్కనో కానిచ్చేస్తాడు. ఇంట్లో పోయకూడదని నేను నేర్పాననుకున్నాను. నా కళ్ళ ముందు పోయకూడదని నేర్చుకున్నాడు వాడు.

ఖాలీన్‌ని చుట్టి అటక ఎక్కించాం. కానీ అమ్మీ హాల్లో నమాజ్ మానేసింది. వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన, మనిషి సరిగ్గా సజ్దాకి వంగలేని సందులో జానిమాజ్ వేసుకునేది. నాతో ఒక్క మాట అనలేదు. నేను ఆ సందు వైపు చూడకుండా టిఫిన్ బాక్సు కట్టుకుని వెళ్ళిపోయేదాన్ని.

అనేవాళ్ళు బయట బోలెడుమంది. ఎదురింటి ఖాలా రోజూ గుమ్మంలోంచే, "ఇంట్లో కుక్క ఉంటే రహమత్ ఫరిష్తాలు రారే, పిల్లాడున్న ఇల్లు" అనేది. కుక్క తోక వంకర సామెత పాలవాడి దగ్గర్నుంచి ఆఫీసులో మా సూపర్‌వైజర్ దాకా అందరూ చెప్పారు. ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకవైపు నుంచి, పనీపాటా లేకుండా కుక్కని పెంచితే రోజూ సవాబ్ తరిగిపోతుందనే హదీసు వచ్చేది. ఇంకోవైపు నుంచి, దాహంతో అల్లాడే కుక్కకి బావిలోంచి మేజోడుతో నీళ్ళు తోడిపోసిన మనిషికి మగ్ఫిరత్ దొరికిన హదీసు వచ్చేది. రెండూ సహీ హదీసులే. మధ్యలో ఫోన్ పట్టుకుని కూర్చున్నది నేను. మా ఆయన వీడియో కాల్‌లో తేల్చి చెప్పారు: "ఆదివారం లంకల వైపు తీసుకెళ్ళి వదిలేసి రా. పుట్టిపెరిగిన చోటే కదా."

ఆ శనివారం రాత్రి నేను వదిలెయ్యాలనే అనుకున్నాను, అబద్ధం చెప్పను. ఆటో కూడా మాట్లాడాను. ఎందుకో ఒక్కసారి ఇమామ్ సాబ్‌ని అడుగుదామనిపించి, మగ్రిబ్ తర్వాత బాబుని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన బేగం టీ ఇచ్చేలోపే అంతా చెప్పేశాను.

నేను ఫత్వా కోసం వెళ్ళాను. ఆయన ముందు అడిగింది, "ఖాలీన్‌ని ఎట్లా కడిగారమ్మా?" అని. ఫినాయిల్ అని చెబితే నవ్వారు. మన హనఫీ మస్లాలో పిండడానికి వీలుకాని వస్తువుని మూడుసార్లు కడగాలి, కడిగిన ప్రతిసారీ నీళ్ళు కారడం ఆగేదాకా వేలాడదీయాలి, అప్పుడు అది పాక్. గచ్చు మీద పడితే నీళ్ళతో కడిగెయ్యండి. కుక్క ఎంగిలి నాపాక్, ఉచ్చ నాపాక్. పొడిగా ఉన్న కుక్క ఒళ్ళు పొడి బట్టకి తగిలినంత మాత్రాన బట్ట నాపాక్ కాదు. అందుకని మీ అమ్మీ చీర మార్చనక్కర్లేదు, ఆమె దిల్ ఒప్పకపోతే మార్చుకోనివ్వండి. ఇల్లు, పొలం, పశువుల కాపలాకి కుక్కని ఉంచుకోవడం జాయిజ్, ఊరికే ముద్దుకి పెంచడం వేరు. మీరు తెచ్చింది ముద్దుకి కాదు కదా, అన్నారు. మస్జిదె నబవీలోకి ఆ కాలంలో కుక్కలు వస్తూ పోతూ ఉండేవని హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ చెప్పిన రివాయత్ బుఖారీలో ఉందని కూడా చెప్పారు. ఆ నేల మట్టి, ఎండకి ఆరిపోయేది.

తర్వాత ఇంకొకటి చెప్పారు. ఆ కిస్సా మనందరం విన్నదే. ఒక పల్లెటూరి మనిషి మస్జిద్‌లో ఒక మూల నిలబడి మూత్రం పోస్తుంటే సహాబాలు కేకలేస్తూ లేచారు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం వాళ్ళని ఆపారు, మధ్యలో ఆపొద్దు, కానివ్వండి అన్నారు. అయ్యాక ఒక బకెట్ నీళ్ళు పోయించారు. ఆ మనిషిని పిలిచి, మస్జిద్ దేనికోసమో నెమ్మదిగా చెప్పారు. అంతే. (మనిషిని కుక్కతో పోల్చానని ఎవరూ అనుకోవద్దు, తౌబా. ఇమామ్ సాబ్ చెప్పింది నా గురించి, కిట్టు గురించి కాదు.) "కేకలేసినవాళ్ళది కూడా మంచి నియ్యతేనమ్మా" అన్నారు, కప్పు కింద పెడుతూ.

మర్నాడు ఆటో వచ్చింది. లంకల వైపు కాదు, ఏలూరు పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళాను.

డాక్టర్ గారు ముందు కుక్కని చూశారు, తర్వాత నన్ను చూశారు. చెవుల్లో పిడుదులు తీయించి, రేబిస్ టీకా వేసి, నట్టల మందు రాశారు. మూత్రం పరీక్ష చేయించారు. పెద్ద కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తుంటే శిక్షణ అనుకునే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలట. లేదు. తర్వాత కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు అడిగారు. గోడకి, స్టాండుకి కొంచెం కొంచెం చిమ్ముతున్నాడా, ఒకేచోట మడుగు చేస్తున్నాడా? రెండూ అన్నాను. చిమ్మేది హద్దు గుర్తు, ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో తగ్గుతుంది, వారంటీ మాత్రం ఇవ్వను అన్నారు. మడుగు వేరు. "ఇదివరకు ఎక్కడ పోసేవాడు?"

"చెరువు గట్టు మీదండి. గడ్డిలో."

"మీ ఇంట్లో గడ్డి ఉందా?"

లేదు. మా దొడ్డి అమ్మీ రోజూ ఊడ్చి కళ్ళాపి చల్లే దొడ్డి. గడ్డిపోచ కనబడితే పీకేస్తుంది.

"మరి గడ్డిలాగా కాళ్ళకి మెత్తగా తగిలేది ఇంట్లో ఏముంది?"

నేను జవాబు చెప్పలేదు. మా బాబు చెప్పాడు: "ఖాలీన్."

కుక్కకి ఎక్కడ పోయాలో ముక్కుతో పాటు అరికాళ్ళు చెబుతాయట. పిల్లప్పుడు దేనిమీద అలవాటైతే పెద్దయ్యాక దాన్నే వెతుక్కుంటుంది. నానా వేసిన ఆ ముడులన్నీ వాడి కాళ్ళకి కొల్లేటి గట్టు మీద పచ్చిక. వాడు తప్పు చేయలేదు, ఇంటిల్లిపాదీలో సరైన చోటు వెతుక్కుని మరీ పోశాడు. మేము ఆ చోట ముక్కు పెట్టి తిట్టాం.

డాక్టర్ గారు చెప్పినవి ఇంటికొచ్చి బాబు నోటుబుక్కులో రాసుకున్నాం. పెద్ద కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకోగలదు. కానీ ఆపుకోగలగడం వేరు, ఆపుకోవాలని తెలియడం వేరు. అయిపోయిన పనికి తిడితే ఎందుకు తిడుతున్నారో దానికి అర్థం కాదు, మనిషంటే భయం మాత్రం మిగులుతుంది. బయట పోసిన వెంటనే, రెండు మూడు సెకన్లలోపే, నోటికి ఏదో ఒకటి అందాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు బహుమతి అనుకుంటుంది. తిండి వేళకి పెడితే వేళకి బయటికి వెళ్తుంది. నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గించొద్దు. ఫినాయిల్ మన ముక్కుకే, కుక్క ముక్కుకి కింద పాత వాసన అట్లాగే ఉంటుంది. ఆ వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నాలుగు వందల రూపాయల సీసా రెండు తెప్పించాను. ఆ నెల నా చీటీ డబ్బులు ఆలస్యం.

బాబు కాలవ గట్టు మీద నుంచి గరిక మట్టితో సహా పెళ్ళలుగా కోసుకొచ్చి దొడ్లో వేప చెట్టు పక్కన నాలుగడుగుల చదరంలో పాతాడు. కూలిన గోడ దగ్గర తాటాకు తడిక కట్టించాం. ఖాలీన్ మీద రుద్దిన పాత గుడ్డ ఒకటి ఆ గరికలో పడేశాం, వాసన పట్టుకోవడానికి. అమ్మీ ఆ గరిక వైపు చూసి "పాములొస్తాయి" అంది. పీకలేదు.

ఇక వేళలు. నోటుబుక్కులో గీతలు గీసి టైంటేబుల్ వేయబోతే బాబే అన్నాడు, "అమ్మీ, మనింట్లో ఆల్రెడీ టైంటేబుల్ ఉంది కదా" అని. ఉంది. ఫజర్‌కి లేచి ముందు వాడిని గరికలోకి, తర్వాత నేను వజూకి. అసర్‌కి బాబు. మగ్రిబ్‌కి, ఇషా అయ్యాక పడుకోబోయే ముందు మళ్ళీ నేను. మొదట్లో ప్రతిసారీ తాడు పట్టుకుని తీసుకెళ్ళి, గరిక ముందు నిలబడి, ఊరుకునేవాళ్ళం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నన్ను చూస్తే వాడికి భయం కాబట్టి నేను అటు తిరిగి నిలబడేదాన్ని. నాలుగో రోజు ఫజర్ వేళ నా వెనక చప్పుడైంది. ఉప్పు కడిగి ఎండబెట్టిన మెత్తళ్ళు పైట కొంగులో కట్టుకుని ఉన్నాను, వెంటనే నోటికందించాను. కొల్లేటి కుక్క కదా, చికెన్ కంటే ఎండు చేపకి ఎక్కువ విలువ.

ఇంట్లో ఉన్నంతసేపు వాడి తాడు నా నడుముకి. వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా. ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరిగాడంటే గిన్నె దించేసి దొడ్లోకి పరుగు. నేను లేనప్పుడు వరండాలోనే, మామూ కంబళి మీద. పడుకునే చోట కుక్క సామాన్యంగా పాడుచేయదట. మధ్య తలుపుకి కొత్త బోల్టు వేయించాను. ఎనభై రూపాయల పని, మొదటిరోజే చేయించాల్సింది.

మిగిలింది జొహర్. ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఎనిమిది గంటలు. మధ్యలో ఒక్కసారి ఎవరైనా వదిలితే చాలు. పాలబ్బాయికి నెలకి ఐదు వందలు ఇస్తానంటే ఒప్పుకున్నాడు. వారం వచ్చి పరీక్షలని మానేశాడు. అమ్మీని అడగాలంటే నాకు నోరు రాలేదు. తెచ్చిన అమానత్‌కి చోటిచ్చింది, తన నమాజ్ చోటు వదులుకుంది, ఇంకేం అడుగుతాను? సాయంత్రం రోజూ వరండా కడుక్కుంటే సరిపోతుంది అనుకున్నాను.

అంతలో రంజాన్ వచ్చింది. 2025లో మార్చి రెండున మొదటి రోజా. సర్కారీ ఉద్యోగులకైతే రంజాన్‌లో గంట ముందు వెళ్ళే వెసులుబాటు ఉంటుంది, ప్రైవేటులో మనం సలాం కొట్టి అడుక్కోవాలి. నేను మధ్యాహ్నం భోజనం గంట వదులుకుని ఆ గంట ముందు బయల్దేరేలా మాట్లాడుకున్నాను. సహరీకి ఎట్లాగూ లేస్తాం కాబట్టి కిట్టుకి ఒక ట్రిప్పు ఎక్కువైంది. ఇఫ్తార్ వేళే గండం. మూడో రోజా అనుకుంటా, అజాన్ అయింది, ఖజూరం నోట్లో పెట్టుకున్నాను, వాడు దస్తర్‌ఖాన్ పక్కన గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు. ఖజూరం నోట్లోనే ఉంది, గింజతో సహా దొడ్లోకి పరిగెత్తాను. గరిక చేరేలోపు సగం పని గుమ్మంలో అయిపోయింది. మిగతా సగానికి మెత్తళ్ళు పెట్టాను. డాక్టర్ గారు సగానికి పెట్టాలో వద్దో చెప్పలేదు.

కానీ ఆ వారం నుంచి ఒక వింత. సాయంత్రం వచ్చేసరికి వరండా పొడిగా ఉండేది. ఒకరోజు, రెండురోజులు, వరసగా తొమ్మిది రోజులు. నా శిక్షణ ఫలించిందని పొంగిపోయాను. కువైట్‌కి ఫోన్ చేసి, "ఎనిమిది గంటలు ఆపుకుంటున్నాడండీ, నేను నేర్పాను" అని గొప్పలు పోయాను. ఆఫీసులో కుక్క తోక సామెత చెప్పిన సూపర్‌వైజర్‌కి కూడా చెప్పి వచ్చాను.

పదో రోజు తలనొప్పితో పన్నెండింటికే సెలవు పెట్టి వచ్చేశాను. ముందు గ్రిల్ తాళం. వరండా ఖాళీ. గుండె ఆగినంత పనైంది, మళ్ళీ హైవే మీదకి పోయాడేమోనని సందులోంచి దొడ్డివైపు పరిగెత్తాను.

తడిక మీదుగా కనిపించింది. వేప చెట్టు కింద అమ్మీ. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తస్బీ. కిట్టు గరికలో ఉన్నాడు. అమ్మీ వాడికి వీపు పెట్టి, పరాయి మగవాడు ఎదురైనట్టు తలమీద పల్లూ ముందుకు లాక్కుని గోడవైపు తిరిగి నిలబడి ఉంది. "జల్దీ కర్ రే" అంటోంది, "జొహర్ వేళవుతోంది నాకు."

వాడు పని ముగించి వచ్చి రెండు గజాల దూరంలో ఆగాడు. అమ్మీ కొంగు ముడి విప్పి ఒక మెత్తడిని తీసి వాడి ముందుకి విసిరింది. కర్రతో దారి చూపించింది. వాడు ముందు, అమ్మీ వెనక, ఇంట్లోంచి నడిచి వరండాలోకి. హాల్లో ఖాలీన్ లేని ఖాళీ చోటుని కూడా వాడు తొక్కకుండా గోడవారగా నడవడం నేను కిటికీలోంచి చూశాను. బోల్టు వేసుకుని అమ్మీ వజూకి వెళ్ళింది.

నేను లోపలికి వెళ్ళి అడిగాను, ఎన్నాళ్ళ నుంచి అని.

"పాలబ్బాయి మానేసిన కాడి నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"వజూకి ఎట్లాగూ లేస్తా కదే. వాడు కూడా లేచి తలుపు దగ్గర నిలబడతన్నాడు. తెలుసు వాడికి."

అప్పటిదాకా అమ్మీ నోట కిట్టు "అది". ఆ రోజు "వాడు" అయ్యాడని రాత్రి పడుకున్నాక గానీ నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నం తట్టింది వేరే: కువైట్‌కి మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పాలి. చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు.

అక్కడితో అంతా చక్కబడిందనుకోకండి. ఈద్ రోజు చుట్టాలొచ్చి ఇల్లు కిక్కిరిస్తే బీరువా వెనక మళ్ళీ పోశాడు. మేలో ఆపరేషన్ చేయించాక పది రోజులు అంతా తారుమారు. డాక్టర్ గారు ముందే చెప్పారు, ఇల్లు మారినా మనుషులు పెరిగినా వెనక్కి వెళ్తాడు, మళ్ళీ మొదటి పాఠం నుంచి రండి, కోపం తెచ్చుకోకండి అని. నోటుబుక్కులో తప్పు జరిగిన రోజు ఎర్ర చుక్క పెడతాడు మా బాబు. ఫిబ్రవరిలో పేజీ మసూచి వచ్చినట్టుంది. జూన్ పేజీలో రెండు.

ఖాలీన్‌ని మూడుసార్లు కడిగాం. తడిసిన ఉన్ని ఖాలీన్ బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది, ఈనిన గేదెని లేపినట్టు. ఒక్కో కడుగుకీ నీళ్ళు కారడం ఆగడానికి ఒక పగలు పట్టింది. తర్వాత ఏలూరు తీసుకెళ్ళి మా నానాని ఎరిగిన ఒక పెద్దాయనకి చూపించాం. ఆయన వేళ్ళతో ఉన్ని విడదీసి అడుగుదాకా చూశారు. ఆ మూల ఎరుపు వెలిసి గోధుమ రంగైంది. "కుక్క చేసింది కాదమ్మా ఇది" అన్నారు. "ఫినాయిల్ తినేసింది. ఉచ్చ అయితే కడిగితే పోయేది." బాగుచేయడానికి ఆ రంగు ఉన్ని ఇప్పుడు దొరకదన్నారు. మచ్చ ఉన్న మూలని గోడవైపు తిప్పి హాల్లో మళ్ళీ పరిచాం. అమ్మీ జానిమాజ్ వంటింట్లోంచి తిరిగొచ్చింది. కిట్టు వరండా గడప మీద ముందు కాళ్ళు చాపుకుని పడుకుంటాడు, అక్కడి నుంచి ఇటు రాడు. రానివ్వం కూడా. అమ్మీ షరతు దొడ్డి గడప నుంచి హాలు గడపకి జరిగింది, అంతే.

పోయిన వారం అమ్మీ మా ఖాలా వాళ్ళింటికి తాడేపల్లిగూడెం వెళ్ళింది, పది రోజులకి. వెళ్ళేముందు బట్టలు సర్దుకోవడం కంటే జొహర్ సంగతి సర్దడానికే ఎక్కువ సమయం పట్టింది ఆమెకి. చివరికి ఎదురింటి ఖాలాకి తాళం చెవి, కర్ర, మెత్తళ్ళ డబ్బా అప్పజెప్పి వెళ్ళింది. ఫరిష్తాలు రారన్న ఖాలాయే. ఎట్లా ఒప్పించిందో నేను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆఫీసులో ఫోన్ మోగింది. ఖాలా గొంతు దొడ్లోంచి, గుసగుసగా.

"ఏమే, మీవాడు గరికలో నిలబడి నా మొహమే చూస్తన్నాడు. ఏం చెయ్యడంలేదు. ఏం చెయ్యనే?"

"అటు తిరిగి నిలబడండి ఖాలా," అన్నాను.